దవడ కింద నీరు దిగే గొర్రెలు: మందకంతా మందు కాదు, కన్ను చూసి పట్టించాలి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా వింజమూరు వైపు మెట్ట ఊరు. నాకు 60 గొర్రెలు, 15 మేకలు ఉన్నాయి. కార్తీకంలో తుపాను వానలకు చెరువు నిండి, అంచుల్లో పచ్చిక బాగా లేచింది. అప్పటి నుంచి అక్కడే మేపుతున్నాము. నెల దాటిన తరువాత కొన్ని జీవాలు మందకు వెనకబడుతున్నాయి. సాయంత్రానికి దవడ కింద నీరు దిగుతోంది, తెల్లవారేసరికి తగ్గుతోంది. పారుకోవడం లేదు, మేత కూడా మానలేదు. అయినా ఒక ఈనిన గొర్రె, మూడు పిల్లలు చనిపోయాయి. అంగడిలో ఇచ్చిన తెల్లమందు తలా ఒక మూత చొప్పున మందకంతా పట్టించినా గుణం కనిపించలేదు. కొందరు గొంతువాపు సూది వేయించమంటున్నారు, మా పెద్దాయన మైలుతుత్తం నీళ్లు తాపమంటున్నారు. ఇది ఏ జబ్బు? మందు ఎన్నాళ్లకొకసారి పట్టించాలి? టీకా ఉందా? ఈ జీవాల మాంసం తినవచ్చునా?

సమాధానం: మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే, మీ మందలో రక్తం పీల్చే పొట్టపురుగు బలంగా ఉన్నదని అనుకోవడానికి తగినంత ఆధారం ఉంది. దీని శాస్త్రీయ నామం హీమాంకస్ కంటార్టస్. ఇది పేగుల్లో కాక నాలుగో పొట్టలో, అంటే జీర్ణరసాలు ఊరే అసలైన జఠరంలో, లోపలి పొరను గీరి రక్తం తాగుతూ బతుకుతుంది. ఆడపురుగు రెండు మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది. రక్తంతో నిండిన ఎర్రటి పేగు చుట్టూ తెల్లటి గర్భాశయం మెలి తిరిగి ఉండడం వల్ల ఎరుపు, తెలుపు దారాలు కలిపి పురిపెట్టినట్లు కనిపిస్తుంది. ఇకమీదట జీవం ఏదైనా చనిపోతే, చల్లబడి కుళ్లకముందే పశువైద్యుని చేత ఆ నాలుగో పొట్టను కోయించి చూడండి. లోపలి పొర మీద ఈ పురుగులు కుప్పలుగా కదులుతుంటే ఇక అనుమానం అక్కరలేదు. అయితే అకస్మాత్తుగా చనిపోయిన జీవం ముక్కు నుంచి గాని, నోటి నుంచి గాని, ఆసనం నుంచి గాని గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. అటువంటి కళేబరాన్ని ఎవరూ కోయకూడదు, చర్మం ఒలవకూడదు, వెంటనే పశువైద్యశాలకు కబురు చేయాలి.

మేత తింటూ, పారుడు లేకుండా జీవాలు ఎందుకు చస్తున్నాయన్నది మీ ఉత్తరంలో కనిపించే అసలు సందేహం. పొట్టలో పురుగులుంటే పారుకోవాలి అన్న నమ్మకం మన పల్లెల్లో గట్టిగా ఉంది. పేగుల్లో ఉండే మరికొన్ని రకాల పురుగులకు, పొట్ట జలగలకు అది నిజమే కాని, ఈ పురుగు ఒక్కటే ఉన్నప్పుడు సాధారణంగా పెంటికలు గట్టిగానే పడతాయి. ఇది చంపేది రక్తం తోడివేయడం ద్వారా. ఒక్కొక్క పురుగు వల్ల రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం పోతుందని లెక్క. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు, ఐదు వేలుంటే పావు లీటరు. 30 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తం మొత్తం రెండు లీటర్లకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది కనుక, పిల్లలు చూస్తుండగానే ఎందుకు కూలిపోతాయో దీన్ని బట్టి గ్రహించవచ్చు. రక్తంతో పాటు అందులోని మాంసకృత్తులూ పోవడం వల్ల నీరు రక్తనాళాల్లో నిలవక బయటికి ఊరి, తల వంచి మేసినంతసేపూ దవడ కిందికి దిగుతుంది. రాత్రి దొడ్డిలో తల ఎత్తి పడుకున్నప్పుడు మళ్లీ సర్దుకుంటుంది. సాయంత్రం వాపు, తెల్లవారి తగ్గుదల అని మీరు గమనించి రాసిన ఆ ఒక్క వాక్యం రోగనిర్ధారణకు ఎంతో ఉపకరించింది.

గొంతువాపు వ్యాధి ఇటువంటిది కాదు. అందులో జ్వరం తీవ్రంగా ఉంటుంది, వాపు వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటుంది, జీవం ఊపిరికి తంటాలు పడి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. మీ జీవాల వాపు చల్లగా, నొప్పి లేకుండా, వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే నిలిచేదిగా ఉంటుందని నేననుకుంటున్నాను. నొక్కి చూడండి. గొంతువాపు టీకా ఏటా తొలకరికి ముందు వేయించవలసినదే కాని, ఇప్పుడు ఈ నీటివాపుకు ఆ సూది ఏ విధంగానూ పనిచేయదు. ఒక్క మాట మాత్రం మరచిపోకూడదు. కార్జపు జలగలు ఉన్న జీవాలకు కూడా ఇలాగే రక్తం తగ్గి దవడ కింద నీరు దిగుతుంది. చెరువు అంచున మేపుతున్నామని మీరే రాశారు, ఆ జలగలు నీటి నత్తల ద్వారా వ్యాపిస్తాయి కాబట్టి, పెంటికల పరీక్షలో జలగల గుడ్లు కూడా చూడమని ప్రత్యేకంగా అడగండి.

మైలుతుత్తం విషయంలో మీ పెద్దాయన మాటను తేలిగ్గా తీసివేయలేము. మంచి మందులు లేని కాలంలో దేశదేశాల గొర్రెల కాపరులు ఈ పురుగుకు దాన్నే వాడారు. కాని మైలుతుత్తంలో ఉండేది రాగి, రాగి విషాన్ని తట్టుకునే శక్తి పెంపుడు జీవాలన్నిటిలో గొర్రెకే తక్కువ. తాపిన రాగి కాలేయంలో పేరుకుని, ఒకనాడు ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి ఎర్రకణాలను పగలగొడుతుంది. కళ్లు పచ్చబడి, మూత్రం నల్లగా ఎర్రగా పోసి జీవం చనిపోతుంది. ఇప్పటికే రక్తం లేని జీవాలకు అది పట్టించవద్దని ఆయనకు నా మాటగా చెప్పండి.

ఇక పురుగు ఎక్కడి నుంచి వచ్చిందన్నది. ఆడపురుగు రోజుకు 5,000 నుంచి 10,000 వరకు గుడ్లు పెడుతుంది. ఒక గొర్రె పొట్టలోని వెయ్యి పురుగుల్లో సగమే ఆడవనుకున్నా, ఆ ఒక్క గొర్రె రోజుకు కనీసం 25 లక్షల గుడ్లను పెంటికలతో పచ్చిక మీద చల్లుతుందన్న మాట. తడి, వెచ్చదనం రెండూ ఉంటే వారం పది రోజుల్లో ఆ గుడ్లు పొదిగి, పిల్లపురుగులు మూడో దశకు చేరి, మంచు తడి మీదుగా గడ్డిపోచల పైకి పాకుతాయి. గొర్రె వాటిని గడ్డితో పాటు తిన్న తరువాత సుమారు మూడు వారాలకు అవి పెద్దవై మళ్లీ గుడ్లు పెట్టనారంభిస్తాయి. మన జిల్లాలో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనంతో పడుతుంది. వాన వెలిసిన తరువాత సంక్రాంతి దాకా తెల్లవారుజాము మంచు పడుతూనే ఉంటుంది. అందువల్ల వేరే జిల్లాల్లో శ్రావణ భాద్రపదాల్లో చెప్పే జాగ్రత్త మనకు కార్తీకం నుంచి పుష్యం వరకు వర్తిస్తుంది. తుపాను పోయిన నెలా నెలన్నరకు జీవాలు కూలడం మొదలైందంటే, అది పురుగు తన లెక్క ప్రకారమే నడిచిందనడానికి గుర్తు.

మీ మందు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు చూద్దాము. సీసా మీద మందు పేరు మీరు రాయలేదు. తెల్లమందు అన్నారు కనుక ఆల్బెండజోల్ గాని, ఫెన్‌బెండజోల్ గాని అయి ఉండవచ్చు. ఆల్బెండజోల్ 2.5 శాతం ద్రావణంలో ఒక మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాముల చొప్పున 40 కిలోల గొర్రెకు 300 మిల్లీగ్రాములు, అంటే 12 మిల్లీలీటర్లు పడాలి. సీసా మూతలో పట్టేది ఎంతో కొలిచి చూడండి. ఐదారు మిల్లీలీటర్లే అయితే మీ పెద్ద గొర్రెలన్నిటికీ సగం మోతాదే అందింది. మేకల సంగతి ఇంకా అన్యాయం. మేక శరీరం ఈ మందులను గొర్రె కంటే త్వరగా కరిగించి బయటికి పంపేస్తుంది కనుక, ఈ తెగ మందులు మేకకు గొర్రె మోతాదుకు దాదాపు రెట్టింపు కావాలి. గొర్రెకూ మేకకూ ఒకే మూత అంటే మేకలోని పురుగు మందు రుచి చూసి బతికిపోయిందన్న మాట. అలా బతికిపోయినవే తరువాతి తరాన్ని కంటాయి. సగం మోతాదుతో జరిగే నష్టాల్లో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. ఆనాటి గొర్రె పోవడం ఒక ఎత్తు, మళ్లీ ఏ మందుకూ చావని పురుగును మన చేతులతో మనమే పెంచుకోవడం మరొక ఎత్తు. ఇదే తెగకు చెందిన థయాబెండజోల్ అనే మందు 1961లో మార్కెట్లోకి వస్తే, దానికి లొంగని హీమాంకస్ పురుగు 1964 నాటికే అమెరికాలో బయటపడింది. మన దేశంలో కూడా ఫెన్‌బెండజోల్‌కు లొంగని మందలు చాలా చోట్ల కనబడ్డాయి.

కంపెనీ మార్చినంత మాత్రాన మందు మారినట్లు కాదు. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ పేర్లు వేరైనా తెగ ఒక్కటే. ఒకదానికి మొండికేసిన పురుగు రెండో దానికీ లొంగదు. లెవమిసోల్ వేరే తెగ, ఐవర్‌మెక్టిన్ వేరే తెగ, క్లోసాంటెల్ మరొకటి. వీటిలో క్లోసాంటెల్ రక్తంలోని మాంసకృత్తులకు అంటుకుని ఉండి, ముఖ్యంగా రక్తం తాగే పురుగులను చంపుతుంది, కార్జపు జలగల మీద కూడా పనిచేస్తుంది. మీ పరిస్థితికి అది సరిపోవచ్చునని నాకు తోస్తున్నది. కాని మోతాదు మించితే చూపు పోతుంది. లెవమిసోల్ కూడా మోతాదు మించితే చొంగ కార్చుకుని వణికి పడిపోయే ప్రమాదం ఉన్న మందే, మేకకైనా గొర్రె మోతాదుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. చూడి కట్టిన తొలి నెలన్నర లోపు గొర్రెలకు ఆల్బెండజోల్ ఇస్తే పిల్లలు అవకరంతో పుట్టవచ్చు. అందుచేత ఏ మందు, ఎంత అన్న నిర్ణయం మీ పశువైద్యునికే వదలండి. అంగడివారిని అడిగి తెచ్చుకునే పద్ధతి ఇంతటితో మానండి.

"ఎన్నాళ్లకొకసారి" అన్న మీ ప్రశ్నకు నేను రోజుల లెక్క చెప్పను, ఎందుకంటే క్యాలెండరు చూసి మందకంతా మందు పట్టించే అలవాటే మొండి పురుగుకు మూలకారణం. ఒక మందలో పురుగుల్లో అధిక భాగం కొద్దిపాటి జీవాల్లోనే ఉంటాయి, మిగిలినవి తమ శక్తితో తట్టుకుంటాయి. ఆ కొద్దిపాటి జీవాలను గుర్తించడానికి దక్షిణాఫ్రికాలో ఫాఫా మలాన్ అనే పశువైద్యుడు కంటిరెప్ప రంగుతో కొలిచే పద్ధతిని రూపొందించాడు. ఆయన పేరు మీదనే దాన్ని ఫమాచా అంటారు. ఎర్రని రంగు 1, ఎరుపు గులాబీ 2, గులాబీ 3, పాలిపోయిన గులాబీ 4, తెల్లకాగితం రంగు 5. ఎండ వెలుతురులో జీవాన్ని నిలబెట్టి, ఒక బొటనవేలితో పైరెప్ప మీద నుంచి కనుగుడ్డును మెల్లగా లోపలికి నొక్కి, రెండో బొటనవేలితో కిందిరెప్పను కిందికి లాగండి. లోపలి మెత్తని పొర పైకి ఉబికి వస్తుంది. ఆ పొర మధ్యభాగం రంగును ఒక్క క్షణంలో చూసి వదిలేయాలి, ఎక్కువసేపు పట్టుకుంటే ఒరిపిడికి ఎర్రబడి మోసం చేస్తుంది. రెండు కళ్లూ చూడాలి. దుమ్ముకో, కంటి జబ్బుకో ఎర్రబడిన కన్ను లెక్కలోకి రాదు. పొద్దున దొడ్డి తడిక దగ్గర ఒకరు పట్టుకుని ఒకరు చూస్తే, మీ 75 జీవాలకు పెద్ద సమయం పట్టదు. నెల్లూరు జాతిలో తెల్లగా ఉండే పల్ల గొర్రెల మూతి, చెవుల లోపలి చర్మం సహజంగా లేతరంగులో ఉంటాయి కనుక వాటిని చూసి తీర్పు చెప్పకండి. ఆ జాతిలో పల్లకైనా, జోడిపికైనా, దొరకైనా కిందిరెప్పే గుర్తు.

4, 5 అంకెలు వచ్చిన ప్రతి జీవానికీ, దవడ కింద నీరు ఉన్న ప్రతి జీవానికీ మందు పడాలి. పిల్లలు, చూడి గొర్రెలు, పాలిచ్చే గొర్రెలు అయితే 3 ఉన్నా పట్టించాలి. మందలో పదోవంతుకు మించి 4, 5 ఉంటే, ఇప్పుడు మీ వద్ద అలాగే ఉండవచ్చు, అన్ని వయసుల్లోనూ 3 ఉన్నవాటికి కూడా పట్టించి, వారానికొకసారి కళ్లు చూడాలి. ఆ సంఖ్య తగ్గిన తరువాత వానాకాలం, మంచుకాలం గడిచేవరకు పదిహేను రోజులకొకసారి, ఎండలు ముదిరిన తరువాత నెలకొకసారి చూస్తే చాలు. 1, 2 ఉన్నవాటికి మందు పట్టించకండి. వాటిలో మిగిలిన పురుగులు మందుకు ఇంకా లొంగేవి. మొండి పురుగులు వాటితో కలిసి సంతానం కన్నప్పుడు మొండితనం పలచబడుతుంది. ఎన్నిసార్లు చూసినా మందు అక్కరలేని తల్లుల పిల్లల్లో నుంచే రేపటి విత్తనపు పొట్టేలును ఎంచుకోండి. పదేపదే 4, 5 వచ్చే జీవాన్ని మందలో ఉంచుకోవడం వల్ల మిగిలినవాటికి కీడే.

పట్టించే తీరు కూడా ముఖ్యమే. అంచనాకు వదలకుండా వేలాడదీసే కాటాతో కొన్ని జీవాలనైనా తూచండి. ఒక గుంపుకు ఒకే మోతాదు ఇవ్వవలసివస్తే, ఆ గుంపులో అన్నిటికన్నా బరువైనదాని ప్రకారం ఇవ్వండి, క్లోసాంటెల్, లెవమిసోల్‌లకు మాత్రం ఈ సడలింపు వద్దు, తూకం తప్పనిసరి. సూది లేని సిరంజిని నోటి పక్కగా పెట్టి, నాలుక మీదుగా వెనకకు మందు వదలాలి. తల మరీ పైకెత్తితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 5 అంకె ఉన్న జీవాలను తరిమి పట్టుకోకండి, పరుగెత్తిస్తే గుండె ఆగి అక్కడికక్కడే పడిపోతాయి. వాటిని కొన్నాళ్లు మందతో పంపకుండా నీడపట్టున కట్టి, చేతి మేత, నీరు దగ్గర పెట్టి, ఇనుము, బి విటమిన్లు ఏ మేరకు కావాలో వైద్యుణ్ణి అడగండి. పురుగు చచ్చినా పోయిన రక్తం ఊరడానికి వారాలు పడుతుంది.

మందు పనిచేసిందో లేదో తెలుసుకునే మార్గం ఒకటే. పట్టించే రోజున పది పన్నెండు జీవాల పెంటికలను, నేల మీద పడినవి కాకుండా ఆసనం నుంచి నేరుగా తీసి, ఒక్కొక్క జీవానివి వేరువేరు కవర్లలో గుర్తు రాసి, ఎండ తగలకుండా చల్లగా ఉంచి అదే రోజు పశువైద్యశాల ద్వారా పరీక్షకు పంపండి. మళ్లీ రెండు వారాలకు అవే జీవాల పెంటికలు పంపండి. గుడ్ల సంఖ్య 95 శాతం గాని, అంతకు మించి గాని తగ్గితే మందు మంచిదే. అంతకన్నా తక్కువ తగ్గితే ఆ తెగ మందుకు మీ మందలోని పురుగు మొండికేసిందని అర్థం, ఇక దానిమీద డబ్బు పెట్టకండి. పశుసంవర్ధక శాఖవారు సామూహిక నట్టల నివారణ మందు పోయడానికి మీ ఊరికి వచ్చినప్పుడు ఈ పరీక్ష ఫలితం వారికి చూపండి. ఊరికి పశువైద్యుడు అందుబాటులో లేకపోతే 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

మేత మార్చకపోతే మాత్రం ఇదంతా చిల్లుకుండకు నీళ్లు పోయడమే. చెరువు అంచు పచ్చికను కనీసం రెండు నెలలు గొర్రెలకు, మేకలకు మూయండి. ఆ రెండు నెలలూ ఎద్దులను, గేదెలను అక్కడ మేపుకోవచ్చు. గొర్రె పురుగు పిల్లల్లో చాలా వాటికి వాటి పొట్టలో నిలదొక్కుకోవడం సాధ్యం కాదు. జీవాలను మంచు ఆరిన తరువాతే తోలండి, పోచల మొదట్లోని రెండు మూడంగుళాల్లోనే పిల్లపురుగులు ఎక్కువగా ఉంటాయి కనుక గడ్డి నేలబారుగా మిగిలే దాకా ఒకేచోట మేపకండి. మేకలకు పొదలు, కొమ్మల మేత దొరికే గుట్టల వైపు తోవ చూపిస్తే వాటి జబ్బు సగం అక్కడే తగ్గుతుంది. నేలగడ్డికి వంగిన మేక గొర్రె కంటే తేలికగా ఈ పురుగుకు చిక్కుతుంది. కోతలైన కయ్యల్లోకి, వేరుశనగ, కంది తీసిన చేలల్లోకి మంద దించే అవకాశం మీకు త్వరలోనే వస్తుంది. అటువంటి కొత్త నేలలను ముందుగా ఈనిన గొర్రెలకు, పాలు మరిచిన పిల్లలకు ఇవ్వండి. ఈతకు రెండు వారాల ముందు నుంచి ఈనిన రెండు నెలల వరకు తల్లిగొర్రెలో రోగనిరోధకశక్తి తగ్గి, గుడ్లు విపరీతంగా పడతాయి. తల్లులు మురికి చేసిన పచ్చికనే పిల్లలు మొదటిసారి కొరుకుతాయి. మీ వద్ద పోయినవి ఒక ఈనిన గొర్రె, మూడు పిల్లలు కావడం అందువల్లనే. ఆ కాలంలో తల్లులకు వేరుశనగ చెక్క, అవిసె ఆకు, సుబాబుల్ ఆకు, పిల్లిపెసర వంటి మాంసకృత్తులున్న మేత కొంచెమైనా అదనంగా పెడితే, పురుగును తట్టుకునే బలం స్పష్టంగా పెరుగుతుంది. దొడ్డి నేల పొడిగా ఉండేలా చూసి, పెంటను తీసి కుప్ప వేసి మాగనిస్తే ఆ వేడికి గుడ్లు చస్తాయి. సంతలో కొన్న జీవాన్ని రెండు వారాలు వేరుగా ఉంచి, పెంటికలు పరీక్ష చేయించిన తరువాతే మందలో కలపండి. ఎక్కడో తయారైన మొండి పురుగు మన దొడ్డికి వచ్చే దారి అదే.

టీకా విషయం. పురుగు పేగు నుంచి తీసిన మాంసకృత్తులతో తయారైన ఒక టీకా 2014లో ఆస్ట్రేలియాలో వాడుకలోకి వచ్చింది. దాన్ని తొలుత మూడుసార్లు వేసి, తరువాత ఆరేసి వారాలకొకసారి మళ్లీ వేస్తూపోవాలి. మనకు మార్కెట్లో అది దొరకదు. చిటుక రోగానికి ఏటా, పారుడు రోగానికి (పి.పి.ఆర్.) మూడేళ్లకొకసారి వేయించే టీకాలు ఈ పురుగును ఆపవు, కాని వాటిని మానవద్దు.

చివరిగా మాంసం. ఈ పురుగు పొట్టలో ఉంటుందే కాని కండలోకి పోదు, మనుషులకు మాంసం ద్వారా అంటదు. అయినా తనంత తాను చనిపోయిన జీవాన్ని తినకండి, అది ఏ జబ్బుతో పోయిందో వైద్యుడు చూసేవరకు తెలియదు. మందు పట్టించిన జీవాన్ని సీసా మీద రాసిన గడువు రోజులు దాటేవరకు కోతకు అమ్మకండి, అప్పటివరకు మేకపాలు కూడా ఇంట్లో వాడకండి. కళేబరాన్ని సున్నం చల్లి లోతుగా పూడ్చండి, కోసిన జీవం కాలేయం, ఊపిరితిత్తుల ముక్కలను మంద వెంట తిరిగే కుక్కలకు వేయకండి. వాటి ద్వారా కుక్కలకు, కుక్కల నుంచి ఇంట్లోవారికి తిరిగే బద్దెపురుగు జబ్బు వేరే ఉంది.